మడత విప్పని కాగితం

ఆగస్టు 5, మంగళవారం

తప్పు జరిగింది. చేసినవాడి పేరు కనకయ్య. అశోక్ నగర్‌లో మా గల్లీ చివర, జగదీశ్వర్ గారి ఇంటి కింది భాగంలో మెస్సు నడుపుతాడు. ప్రభుత్వ ఉద్యోగాల కోసం ఊళ్లు వదిలి వచ్చిన వందమంది రెండు పూటలా అతని చేతి తిండే తింటున్నారు. ఆ తిండిలో అతను కల్తీ నూనె పోస్తున్నాడు.

ఇది అనుమానం కాదు, సాక్ష్యం ఉంది. అదేమిటో రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ డైరీలో కూడా దాస్తే ఇక నిజం ఎక్కడ రాయాలి? ఇవాళ పొద్దున బాత్రూంలో నీళ్ల మీద నూనె తేలింది. నారింజ రంగు. కూరగిన్నెలో పైన తేలుతుందే, అచ్చం అలాగే. నాలుగు రోజులుగా ఇదే తంతు. నిన్న సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీలోంచి లేచి చూసుకుంటే ప్యాంటు మీద మరక. జనరల్ స్టడీస్ పుస్తకం వెనక అడ్డం పెట్టుకుని చిక్కడపల్లి నుంచి గది దాకా నడిచి వచ్చాను.

తిన్న నూనె తిన్నట్టే బయటికొస్తోందంటే అది మనిషి కడుపుకు అరిగే నూనె కాదు. ఇంత చిన్న తర్కం ఈ గల్లీలో ఇంకెవరికీ తట్టలేదు.

పరుగు: పదహారు వందల మీటర్లు, తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. ఎస్సై కావాలంటే ఏడు నిమిషాల పదిహేను. క్యాప్సూల్ మూడు పూటలా వేసుకున్నాను. రెండు వారాలకు కిలోన్నర తగ్గాను. క్యాప్సూల్ సంగతి ఎవరికీ తెలియదు. ఒకే గదిలో ఉండే భానుప్రకాశ్‌కి కూడా.

ఆగస్టు 6, బుధవారం

సాక్షుల కోసం భానుప్రకాశ్‌ని అడిగాను.

"నీకు బాత్రూంల ఏమన్న తేడా కనవడ్తుందా?"

"ఏం తేడన్నా?"

"నూనె."

"నూనెనా? బకెట్లనా?"

"బకెట్ల కాదు. కడుపుల నుంచి."

వాడు పడీపడీ నవ్వాడు. నా మొహం చూసి ఆపాడు. "నాకేం కాలేదన్నా. నిన్న నారాయణగూడల మిర్చీలు తిన్న, జర మండింది. గంతే."

భానుప్రకాశ్‌కి కడుపులో మంట. రెండో సాక్షి.

ఆగస్టు 7, గురువారం

మరక. నల్ల ప్యాంటు ఒక్కటే వేసుకుంటున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

కనకయ్య మెస్సులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా నెలవారీగా తింటామని ఒప్పుకుంటే, స్టీలు సామాన్ల దుకాణంలో కంచం కొని, అంచు మీద పేరు చెక్కించి ఇస్తాడు. గోడకు ఆనించిన అరలో అన్నీ నిలబెట్టి ఉంటాయి. ఎవరి పేరు వాళ్లు వెతుక్కుని తీసుకోవాలి. తిన్నాక తొట్టి దగ్గర పెడితే అతని భార్య భూదేవి కడుగుతుంది. పెళ్లిలో సామాన్ల మీద పేర్లు చెక్కిస్తారే, అలా. ఊరు వదిలొచ్చినవాళ్లు దీనికి పడిపోతారు. వ్యాపార కిటుకు ఇది.

నా కంచం అందరి కంచాల కంటే పెద్దది. అరలో పట్టక పైన అడ్డంగా పెడతారు. వెతుక్కోనక్కర్లేదు, వీధిలోంచే కనిపిస్తుంది. పోయిన నెల ఒక ఆదివారం అందరూ తింటుండగా కనకయ్య గట్టిగా, "జరగున్రి జరగున్రి, మా ఎల్లేశం తమ్మి తలె వస్తుంది" అన్నాడు. తలె అంటే వాళ్ల భాషలో, మా ఊరి భాషలో కూడా, కంచమే. మెస్సంతా నవ్వింది. ఎవడో వెనక నుంచి, "తలె కాదే, కొప్పెర" అన్నాడు. పెళ్లిళ్లలో వంటకు పెట్టే గంగాళమన్నమాట.

ఆ మర్నాడే నారాయణగూడ వెళ్లి క్యాప్సూళ్లు తెచ్చుకున్నాను.

ఆ మాటకీ ఈ పోరాటానికీ సంబంధం లేదు. వ్యక్తిగతమైన కోపం ప్రజా సమస్యలోకి తేకూడదని నేను పోగుచేసి మంచం కింద పెట్టుకున్న కరపత్రాల్లో కనీసం మూడింటిలో రాసి ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

మెస్సులో చికెన్. కొవ్వు ఎక్కువని ఒక క్యాప్సూల్ అదనంగా వేసుకున్నాను. సాయంత్రం బాగ్ లింగంపల్లిలో ఉపన్యాసం ఉంది, ఆహార భద్రత మీద. వెళ్లాను. మధ్యలో లేచి రావలసి వచ్చింది. వక్త నా వైపు చూశాడు. విసిగి వెళ్లిపోతున్నాననుకుని ఉంటాడు. వెనక్కి తిరిగి చెప్పాలనిపించింది: అయ్యా, మీరు మాట్లాడుతున్న విషయమే నన్ను లేపింది.

ఇంత ఘోరంగా ఎప్పుడూ కాలేదు. చికెన్‌లో ఇంకా ఎక్కువ పోశాడన్నమాట.

ఆగస్టు 11, సోమవారం

క్యాప్సూళ్ల పెట్టె అయిపోయింది. నారాయణగూడ వెళ్లి ఇంకొకటి తెచ్చుకున్నాను. మందుల దుకాణంలో రాఘవేందర్ మా మండలంవాడే, డిగ్రీలో నా జూనియర్. డాక్టరు చీటీ అడగడు. మొదటిసారి ఇచ్చినప్పుడే అడిగాను, కెమికల్ అయితే నాకొద్దని. "కాదన్నా, మట్టిల ఉండే క్రిమి తయారుచేస్తదట దీని అసలు సరుకు. దాన్నే జర మార్చి మందు చేస్తరు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మట్టిది మనదే. ఇంకా ఏదో జాగ్రత్త చెప్పబోయాడు గానీ అప్పుడే బస్సు వచ్చింది.

పెట్టెలో పల్చటి కాగితం ఒకటి మడిచి ఉంటుంది, చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలతో. మొదటి పెట్టెలోదాన్ని ఈ డైరీలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. రోజూ ఒక పేజీ ముందుకు జరుపుతున్నాను. మంచి పని చేస్తోంది.

ఆగస్టు 12, మంగళవారం

కరపత్రం రాశాను. ఒక్క రాత్రిలో.

"కనకయ్యా, జవాబు చెప్పు! మా కడుపులు నీ నూనె డబ్బాలు కావు! ముప్పై మంది విద్యార్థుల ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆగస్టు 16, శనివారం సాయంత్రం ఆరు గంటలకు మెస్సు ముందు సమావేశం. మీ పేరున్న కంచం తీసుకుని రండి. బోర్లించి నిరసన తెలపండి!"

ముప్పై అనే సంఖ్య అంచనా. బయటపడని బాధితులు ఉంటారు. నేనే రెండు వారాలు బయటపడలేదు కదా. కింద సంతకాలు: ఎల్లేశం, భానుప్రకాశ్. భానుప్రకాశ్ అప్పటికి నిద్రపోయాడు. మంచి పనికి లేపడం ఎందుకని నేనే పెట్టాను.

రెండు వందల జిరాక్సులు.

ఆగస్టు 14, గురువారం

టీ కొట్టు గోడ మీద, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, పుస్తకాల దుకాణాల ముందు అంటించాను. ఎవడో నా ముందే చదివి, "ఎవర్రా ఈ ఎల్లేశం, మస్తు రాసిండు" అన్నాడు. పక్కనే నిలబడ్డాను. నేనే అని చెప్పలేదు. బతుకులో అంత సంతోషం ఎప్పుడూ లేదు.

ఆగస్టు 16, శనివారం

వచ్చారు. పదిమంది వస్తే చాలనుకున్నాను, గల్లీ నిండిపోయింది.

అరుగు మీద నిలబడి మాట్లాడాను. మెస్సు అరలోంచి తెచ్చుకున్న కంచాలు ఒక్కొక్కటీ రోడ్డు మీద బోర్లించారు. స్టీలు రోడ్డుకు తగిలే చప్పుడు, ఒకదాని మీద ఒకటి, వర్షం మొదలైనట్టు. నాది చివర. పెద్ద చప్పుడే చేసింది.

కనకయ్య లోపలి నుంచి నూనె డబ్బా ఎత్తుకొచ్చాడు. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి, మూత తీసి డబ్బా అందరి ముందూ పట్టాడు. "ఇగో, ఇదే నూనె. నా పిల్లకు ఇదే వెడ్త. నేను ఇదే తింట. చూడున్రి" అని గరిటె నిండా పోసుకుని తాగేశాడు. ఇంకో గరిటె పోశాడు. గడ్డం మీంచి కారింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. "ఇంకో పెగ్గు ఏసుకో మామా!" అన్నాడొకడు.

నేను, "ఇది నాటకం" అన్నాను. చప్పట్లు కొట్టారు.

రెండో గరిటె సగంలో భూదేవి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. డబ్బా లోపలికి తీసుకెళ్లింది. అందరూ వెళ్లిపోయాక తిరిగొచ్చి రోడ్డు మీద కంచాలు ఏరుకుంది. టీ కొట్టు దగ్గర నుంచి చూశాను. చీర కొంగుతో ఒక్కొక్కటీ తుడిచి దొంతర పెట్టింది. చాలాసేపు పట్టింది.

గెలిచాం.

ఆగస్టు 17, ఆదివారం

మెస్సు తెరిచాడు. ఎవరూ పోలేదు.

ఆగస్టు 18, సోమవారం

ఎవరూ పోలేదు.

ఆగస్టు 19, మంగళవారం

రెండు గల్లీల అవతల ఇంకో మెస్సులో తింటున్నాను. పేరు చెక్కిన కంచం లేదు, ఎవరు తిన్నదో తెలియని ప్లాస్టిక్ ప్లేటు. వడ్డించేవాడు మొహం చూడడు. అదే మంచిది.

నూనె ఆగలేదు. ఇవాళ కూడా నారింజ రంగు.

అంటే ఈ మెస్సు కూడా అంతే. వ్యవస్థ మొత్తం కల్తీ. ఒక్క కనకయ్యనే అనుకోవడం నా దృష్టిలోపం.

ఆగస్టు 21, గురువారం

భానుప్రకాశ్ గది ఖాళీ చేశాడు. ట్రంకుపెట్టె సర్దుకుంటూ చెప్పాడు.

"నా సంతకం నన్నడగకుంట ఎట్ల పెడ్తవన్నా?"

"నీకు కడుపుల మండింది గద."

"మిర్చీలన్నా! మిర్చీలు!" వాడు ఇంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "కనకయ్య మామ నాకు జ్వరమొస్తె వారం దినాలు గంజి పైకి పంపిచ్చిండు. అసుంటి మనిషి నూనె తాగుతుంటె నా పేరు గోడ మీద ఉన్నది. మొఖం ఎట్ల సూపియ్యాలె?"

"పెద్ద మార్పుల చిన్న చిన్న బాధలు..."

"నువ్వు మాట్లాడితె కరపత్రం లెక్క ఉంటదన్నా. మనిషి లెక్క ఉండదు."

పోతూ పోతూ బకెట్ నాకే వదిలేశాడు. అది వాడిది.

ఆగస్టు 22, శుక్రవారం

గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద పరుపు లేదు.

ఆగస్టు 23, శనివారం

లైబ్రరీ నుంచి వస్తుంటే చిక్కడపల్లిలో కూరగాయల దగ్గర భూదేవి ఎదురైంది. చేతిలో చిన్న సంచి. వారం కిందటి దాకా ఆమె ఆటో నిండా తీసుకెళ్లేది. తప్పుకుని పోదామనుకున్నాను. ఇంత ఒళ్లేసుకుని ఎటు తప్పుకుంటాను?

"బిడ్డా, జర ఆగు. నీ కాయితం నాకు చదవరాదు. మా పిల్లతోని చదివించుకున్న. ముప్పై మందికి కడుపు కరాబైందని రాసినవు. ఒక్కని పేరు చెప్పు, పోయి కాళ్లు మొక్కి వస్త."

"పేర్లు బయటపెట్టడం పద్ధతి కాదమ్మా."

"సరే, పేరొద్దు. నీ మనసుల నువ్వే లెక్కవెట్టు. ఒక్కలన్న ఉంటె తలకాయ ఊపు. నేను పోత."

లెక్కపెట్టాను. ఊపాను. ఒక్కరు ఉన్నారు కదా.

ఆమె కాసేపు నా మొహంలోకే చూసింది. "ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నడు జగదీశ్వర్ సారు. గల్లీల పేరు పోయిందట ఇంటికి. ముప్పై ఒకటి, ఆదివారం సాయంత్రం ఆరు గొట్టంగ తాళాలియ్యాలె." తిట్టలేదు. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని వెళ్లిపోయింది.

ఇంటి యజమాని నిర్ణయానికి నేను బాధ్యుణ్ణి కాను.

ఆగస్టు 24, ఆదివారం

వర్షం. పరుగు లేదు. ఇవాళ ఒక్కరితో కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం టీ కొట్టులో, "ఒకటి" అన్నాను. అంతే.

మంచం కింద కరపత్రాలన్నీ బయటికి తీసి మళ్లీ చదివాను. నీటి హక్కు, బీడీ కార్మికులు, భూమి, పురుగుమందులు, పరీక్ష పేపర్ల లీకు. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. సబ్బు చుట్టి వచ్చిన పేపరు ముక్క కూడా చదివాను. ఇక ఈ గదిలో చదవనిది ఒక్కటే మిగిలింది. ఈ డైరీలో గుర్తుగా ఉన్న కాగితం.

మడత విప్పాను. విప్పితే మంచమంత అయింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని

ఆగస్టు 25, సోమవారం

నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. తప్పుగా అర్థం చేసుకుని ఉంటాను.

పరుగు: తొమ్మిది నిమిషాల పద్దెనిమిది సెకన్లు.

ఆగస్టు 26, మంగళవారం

తప్పుగా అర్థం చేసుకోలేదు.

లైబ్రరీలో వైద్యం పుస్తకాల దగ్గర పొద్దుటి నుంచి కూర్చున్నాను. అర్థమైనంత రాస్తాను. నేలలో బతికే ఒక బాక్టీరియా ఉంది. అది తన లోపల ఒక పదార్థం తయారుచేసుకుంటుంది, లిప్‌స్టాటిన్ అంటారు. దాన్ని కొంచెం మార్చి చేసిన మందే నా క్యాప్సూల్. మన కడుపులో, పేగుల్లో కొవ్వును ముక్కలు చేసే ఎంజైము ఉంటుంది. ఈ మందు పోయి ఆ ఎంజైముకు అతుక్కుని కూర్చుంటుంది. తాళంలో విరిగిన తాళంచెవి లాగ. ఇక తాళం తెరుచుకోదు. తిన్న కొవ్వులో మూడో వంతు దాకా ముక్క కాకుండా, ఒంటికి పట్టకుండా, వచ్చినదారే బయటికి పోతుంది. నూనె ఎక్కువ తింటే ఎక్కువ. నారింజ రంగు, మరకలు, ఆపుకోలేకపోవడం, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. నేను రాయడానికి సిగ్గుపడినవన్నీ అచ్చులో ఉన్నాయి.

ఆ ఎంజైము పేరు లైపేజ్. "కొవ్వులను జీర్ణం చేసే ఎంజైము ఏది?" ఈ బిట్టు నేను కనీసం నలభైసార్లు రాశాను. ఒక్కసారి తప్పలేదు.

తిన్న నూనె తిన్నట్టే బయటికొస్తే అది అరిగే నూనె కాదు అని మొదటి రోజు రాశాను. నూనె సరైనదే. అరిగించే చోట తాళం వేసుకున్నది నేను.

బాక్టీరియాది తప్పు కాదు. దాని మట్టిలో అది దాని బతుకు బతుకుతోంది. మందుది కూడా కాదు. అది చెయ్యాల్సిన పనే చేసింది, చేస్తానని కాగితం మీద ముందే చెప్పింది. ఎవడు ఏ కాగితం చేతిలో పెట్టినా చదివే నేను, నా కడుపు గురించి రాసిన ఒక్క కాగితాన్ని ఇరవై రోజులు పేజీ పేజీకీ జరుపుకుంటూ వచ్చాను.

రాత్రి క్యాప్సూల్ వేసుకోలేదు.

ఆగస్టు 27, బుధవారం

చవితి. గల్లీ మండపం దగ్గర మైకు. ప్రతి సంవత్సరం మొదటి రోజు పులిహోర కనకయ్యదేనట. ఈసారి వద్దన్నారు. "ఎందుకులే అన్నా, జనం తినరు" అని మండపం పిల్లలు మర్యాదగానే చెప్పారట. టీ కొట్టులో విన్నాను. గోడ మీద నా కరపత్రం ఇంకా ఉంది, వర్షానికి సిరా కారి. పేర్లు మాత్రం కనిపిస్తున్నాయి.

రాత్రిపూట వెళ్లి చింపేద్దామనుకున్నాను. చింపితే ఏమవుతుంది? అది ఎప్పుడో కాగితం దాటి జనం నోళ్లలోకి పోయింది.

ఆగస్టు 29, శుక్రవారం

మూడు రోజులైంది మాని. పరీక్షించి చూద్దామని పొద్దున పూరీలు, మధ్యాహ్నం నూనె తేలే గుడ్డుకూర. ఇవాళ ఏమీ లేదు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

ఒక్క నారింజ చుక్కయినా కనబడాలని కోరుకున్నాను. ఇది కూడా రాయాలి.

సాయంత్రం రాఘవేందర్ దగ్గరికి వెళ్లి కొట్లాడాను. "ముందే ఎందుకు చెప్పలే?"

"అరే, మొదటి రోజే చెప్పిన గదన్నా! నూనె బంద్ పెట్టు, లేకుంటె ఆగమైతవ్ అని. నువ్వు బస్సు ఎక్కుతనే 'సరే సరే' అన్నవ్. కాయితం గూడ ఉంటది పెట్టెల."

"చీటీ లేకుండ అమ్మడం నీ తప్పు."

"అవ్, తప్పే. నువ్వు అడగంగ ఇచ్చిన, నాదీ తప్పే. ఇంకోలకియ్య ఇగ." అంత తేలిగ్గా ఒప్పుకున్నాడు. నోరు తెరిచి అనేశాడు. అలా అనవచ్చని నాకు తెలియదు.

ఆగస్టు 30, శనివారం

కనకయ్య దగ్గరికి వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి పోవడం నాకు కష్టమైంది. అతను గిన్నెలు గోనెసంచుల్లో కడుతున్నాడు. నిలబడి అంతా చెప్పాను. క్యాప్సూలు, నూనె, కాగితం, ముప్పై అనే అంకె. మరకల సంగతి కూడా.

అతను ముడి వేయడం ఆపలేదు. "అట్లనా" అన్నాడు. ముడి బిగించి, "నాకు చెప్తె ఏం లాభం తమ్మీ? తిట్టింది వందమంది ముంగట. మాఫీ నా ఒక్కని చెవులనా?"

"జగదీశ్వర్ గారితోని నేను మాట్లాడ్త."

"మాట్లాడిన నేను. 'పిల్లలు మళ్ల తింటమని వస్తె నాకేం బాధ కనకయ్యా, నేనెందుకు పొమ్మంట' అన్నడు. పిల్లలు రావాలె. రేపు ఆరింటి లోపట. ఎవడు తెస్తడు?"

అరలో కంచాలు అలాగే ఉన్నాయి, పేర్లు బయటికి కనిపించేలా. నాది పైన అడ్డంగా. దాన్నే చూస్తున్నానని భూదేవి గమనించింది.

"అది తీస్కపో బిడ్డా. నీ పేరున్నది. ఇంకోలకు పనికిరాదు."

"అంత పెద్దది ఎందుకు కొన్నరమ్మా నాకు?" అడగాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"నువ్వొచ్చిన మొదటి దినం యాదికున్నదా? రెండోసారి అన్నం అడుగుదమని చెయ్యి లేపి, అందరిని చూసి దించుకున్నవ్. మూడు దినాలు గట్లనే. ఆకలితోనే లేషిపోయినవ్. ఈయన చూసిండు. పిలగాడు అడగనీకె సిగ్గువడ్తుండు, ఒక్కపారే పట్టేటట్టు పెద్దది తెస్త అని దుకాణాలన్ని తిరిగిండు."

కనకయ్య అటు తిరిగి, "ఇప్పుడెందుకే గవన్ని" అన్నాడు.

కంచం తీసుకోలేదు. అక్కడే ఉంచమన్నాను, రేపటి దాకా.

గదికొచ్చి కూర్చున్నాను. "కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టాను. కొట్టేశాను. "పొరపాటు సమాచారం ఆధారంగా" అని రాశాను. కొట్టేశాను. "మందుల వ్యాపారం యువతను ఎలా మోసం చేస్తున్నదో" అని ఒక పేజీ బ్రహ్మాండంగా వచ్చింది. అది చింపడానికి అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

కారణం రాయకుండా "నాదే తప్పు" అంటే చాలదా? చాలదు. కారణం లేకపోతే ఎవరూ నమ్మరు, కనకయ్య బెదిరించి రాయించాడంటారు. కారణం రాస్తే రేపటి నుంచి ఈ గల్లీలో నేను ఎవరినో నాకు తెలుసు. కొప్పెర అన్నవాళ్లకు కొత్త పేరు దొరుకుతుంది. పరీక్ష రాసేదాకా, ఎస్సై అయినా కూడా, అదే పేరు.

ఆగస్టు 31, ఆదివారం, పొద్దున

పడుకోలేదు. జిరాక్సు దుకాణం తెరవగానే వెళ్లాను. పాత గోడల మీదే, పాత కాగితం మీదే అంటించాను. టీ కొట్టు దగ్గర ఒకడు చదివి పకపకా నవ్వి పక్కవాణ్ణి పిలిచాడు. ఇద్దరూ కలిసి మళ్లీ మొదటి నుంచి చదివారు. రెండోసారి నవ్వు కాస్త తగ్గింది. పక్కనే నిలబడ్డాను. ఈసారి, "ఎల్లేశం అంటే నేనే" అన్నాను.

ఒక కాపీ భానుప్రకాశ్ కొత్త గది తలుపు కిందుగా తోశాను. తట్టలేదు.

ఇంకో కాపీ ఇక్కడ అంటిస్తున్నాను, గుర్తు కాగితం ఉండే చోట.

"తప్పు జరిగింది. చేసినవాడి పేరు ఎల్లేశం. మెస్సున్న గల్లీలోనే, హాస్టల్లో రెండో అంతస్తులో ఉంటాడు. పెద్ద కంచంవాడంటే మీకందరికీ తెలుస్తుంది.

నేను సన్నబడాలని డాక్టరును అడగకుండా క్యాప్సూళ్లు మింగాను. అవి తిన్న కొవ్వును అరగనివ్వవు, నూనె నూనెలాగే బయటికి పోతుంది. నా బట్టలు పాడయ్యాయి. నవ్వుకోండి, ఫరవాలేదు. ఈ సంగతి పెట్టెలోని కాగితం మీద రాసి ఉంది, నేను చదవలేదు. కనకయ్య నూనెలో కల్తీ ఉందని రాశాను. లేదు. ముప్పై మంది బాధితులని రాశాను. ఒక్కడే, అది నేను. భానుప్రకాశ్ సంతకం అతన్ని అడగకుండా నేనే పెట్టాను. క్యాప్సూల్ మానాక నూనె కూర తిని చూశాను, నాకేమీ కాలేదు.

ఒక మనిషి మన ముందు గరిటెతో నూనె తాగుతుంటే ఇది నాటకం అన్నాను. మీరు చప్పట్లు కొట్టారు. కొట్టించింది నేను.

ఇవాళ ఆరింటికి కనకయ్య తాళాలు ఇచ్చేయాలి. ఆలోపు మనం తింటామని వస్తే ఇవ్వక్కర్లేదు. అరుగు మీద నిలబడి ఇదంతా నా నోటితో మళ్లీ చెప్తాను. తర్వాత రెండోసారి అన్నం నేనే చెయ్యెత్తి అడుగుతాను.

కంచాలు కడిగి అరలో పెట్టి ఉన్నాయి. ఎవరి పేరు వాళ్లు వెతుక్కోవాలి. ఈ సాయంత్రం ఆరు కొట్టకముందే రండి. ఐదున్నరకే రండి."